బంతి గుండ్రంగా అయ్యేదాకా

ఆ రోజుల్లో నాకు ఇంగ్లీషు బాగా వచ్చని నేను గట్టిగా నమ్మేదాన్ని. ('ఆ రోజులు' అనడానికి నీకేం వయసు ముదిరిపోయిందే అంటుంది మా అమ్మ. మొన్ననే ముప్పై నిండాయి. ఆ మాట వాడుకోవడానికి ఆ మాత్రం చాలనుకుంటాను.) నమ్మడంతో ఆగకుండా ఊరందరి చేతా నమ్మించాను కూడా. ఏలూరులో డిగ్రీ, బీఈడీ పూర్తిచేసి, కొల్లేటి ఒడ్డున మా ఊళ్ళోనే ఉన్న మిషను ఆడపిల్లల బడిలో ఇంగ్లీషు టీచరుగా చేరేసరికి నాకు ఇరవై మూడేళ్లు. ఎరువుల బస్తా మీది అక్షరాల దగ్గర్నుంచి, ఆకివీడు నుంచి వచ్చే చేపల మేత కంపెనీ కాగితాల దాకా, ఊళ్ళో ఇంగ్లీషు ముక్క కనబడితే చాలు, "ఒరే, టీచరమ్మ దగ్గరికి పట్టుకెళ్ళండ్రా" అనేవాళ్ళు. నేను కళ్ళజోడు సవరించుకుని చదివేదాన్ని. తెలిసినవి చెప్పేదాన్ని. తెలియనివి ఇంకాస్త గట్టిగా చెప్పేదాన్ని.

అలాంటి కాలంలో ఒక రోజు మా హెడ్ మిస్ట్రెస్ గారు నన్ను పిలిచి చేతిలో ఒక ఉత్తరం పెట్టారు. ఆవిణ్ణి పిల్లలూ మేమూ కూడా చాటుగా 'గంట టీచర్ గారు' అనేవాళ్ళం. బడిలో అటెండరు ఉన్నా సరే, ముప్పై ఎనిమిదేళ్లుగా ఉదయం గంట మాత్రం ఆవిడే కొట్టేవారు. ఉత్తరం ఆస్ట్రేలియా నుంచి. రాసినామె అమ్మమ్మగారి అక్క పూర్వం మా ఊరి మిషను ఆసుపత్రిలో నర్సుగా పనిచేశారట. ఆవిడ తిరిగిన చోటు ఒక్కసారి కళ్ళారా చూసుకోవాలని ఉంది, ఒక వారం ఉండనిస్తారా అని అడిగింది. చివర్లో తన గురించి రెండు ముక్కలు: తాను మొన్నమొన్నటి దాకా ఆస్ట్రేలియాలో 'ఫుటీ' ఆడేదాన్నని, అదే తన వృత్తి అని, మోకాలు దెబ్బతినడంతో మానేశానని.

"ఫుటీ అంటే ఏవిటమ్మా?" అన్నారు టీచర్ గారు.

"ఫుట్‌బాలేనండి. వాళ్ళు ముద్దుగా అలా అంటారు," అన్నాను. ఎక్కడా ఒక్క క్షణం తడబడలేదు. (ఫోన్లో చూసుకోవచ్చుగా అంటారేమో. అప్పట్లో మా ఊళ్ళో సిగ్నల్ కావాలంటే వాటర్ ట్యాంకు మెట్లెక్కాలి. పైగా, తెలుసనుకున్నదాన్ని ఎవరైనా వెతుక్కుంటారా?)

ఆ ఒక్క మాటతో మా డ్రిల్లు మాస్టారు రెక్కలు కట్టుకుని ఎగిరారు. ఆయన మెడలో విజిలు భోజనాల దగ్గర కూడా ఉండేది, అందుకని విజిల్ మాస్టారు. "ఏవండీ, అంతర్జాతీయ ఫుట్‌బాల్ క్రీడాకారిణి మన బడికి రావడవంటే మాటలా అండి!" అని, ఫిబ్రవరిలో జరగాల్సిన ఆటల పోటీలు ఆ వారానికే పెట్టించారు. ఆకివీడులో ఫ్లెక్సీ కొట్టించారు. ఉత్తరంతో పాటు వచ్చిన ఫోటోలో ఆమె మొహం ఒక్కటే ఉంది కాబట్టి, ఫ్లెక్సీ కుర్రాడు ఆ మొహాన్ని ఎక్కడిదో ఒక మగ ఆటగాడి ఒంటికి అతికించి, కాలి దగ్గర నలుపూ తెలుపూ గళ్ళ గుండ్రటి బంతి పెట్టాడు. ఫ్లెక్సీలో ఉన్న కాళ్ళ నిండా ఒత్తుగా వెంట్రుకలు. టీచర్ గారు దాన్ని ఒక్కసారి ఎగాదిగా చూసి, నడుం కింద నుంచి అరటాకులు కట్టించారు.

ఆమె ఏలూరు స్టేషన్లో దిగింది. మా మావయ్య తన జీపులో తీసుకొచ్చాడు. మావయ్య అంటే మా అమ్మ తమ్ముడు. ఒకప్పుడు కొల్లేట్లో వలేసి బతికి, తర్వాత చేపల చెరువు పెట్టుకున్నవాడు. జీపు దిగిన మనిషిని చూసి పిల్లలంతా నోళ్ళు తెరిచారు. ఇరవై ఎనిమిదేళ్లుంటాయేమో. గుమ్మం తగిలేంత పొడుగు, ఎండకి కందిన తెల్లటి మొహం, కుడికాలు కొంచెం ఈడుస్తూ నిదానంగా ఊగుతున్న నడక. చలికాలంలో మా కొల్లేటి నిండా గూడబాతులే, ముక్కు కింద సంచీ వేలాడే పెద్ద పక్షులు. నేల మీద వాటి నడక అచ్చం అలాగే ఉంటుంది. సాయంత్రానికల్లా బడంతా ఆమెకి 'గూడబాతక్క' అని పేరు పెట్టేసింది. పేరేమిటని ఆమె అడిగితే, దాచకుండా చెప్పాను. ఒడ్డుకెళ్ళి గూడబాతుల్ని చూసొచ్చి, పడీపడీ నవ్వింది. ఆ వారమంతా పిల్లలు అలాగే పిలిచారు, ఆమె అలాగే పలికింది.

ఆ మొదటి సాయంత్రమే ఆమె సంచీలోంచి బంతి తీసింది. ఎర్రటి తోలు బంతి. మీద నల్ల సిరాతో ఏవో గిలుకుళ్ళు. గుండ్రంగా లేదు. రెండు వైపులా కోసుగా, బొప్పాయి కాయలా ఉంది. విజిల్ మాస్టారు నోట్లోంచి విజిలు జారిపోయింది. ఆయన నా చెవి దగ్గరికి వచ్చి, "అయ్యయ్యో, విమానంలో సామాన్ల కింద పడి నలిగిపోయినట్టుందండి, పాపం," అన్నారు. ఆమె కూడా బంతిని రెండు చేతులతో నొక్కి చూసి, ఇది కొంచెం 'ఫ్లాట్' అయింది, ఎక్కడైనా పంపు దొరికితే కాస్త గాలి పట్టించగలరా అని నన్ను అడిగింది.

ఫ్లాట్ అంటే చదును. తొమ్మిదో తరగతికి వారం కిందటే చెప్పాను. కాబట్టి ఆ బంతి చదునైపోయిందని ఆవిడే ఒప్పుకుంటోంది. చదునైపోయిందీ అంటే, అంతకుముందు గుండ్రంగా ఉండేదన్నమాట. నా బుర్ర ఎంత చురుగ్గా పనిచేసిందో చూశారా? "మీరన్నదే నిజం మాస్టారూ. నలిగిపోయిందట. గాలి కొట్టించి మామూలు చేయించమంటోంది," అన్నాను.

మర్నాడు శనివారం. మాస్టారి మోపెడ్ మీద ఇద్దరం ఆకివీడు వెళ్ళాం. రోడ్డు పొడుగునా చేపల లారీలు నీళ్ళు కార్చుకుంటూ పోతున్నాయి. నేను వెనకాల కూర్చుని, ఒళ్ళో చంటిపిల్లని పెట్టుకున్నట్టు ఆ బంతిని పెట్టుకున్నాను. సైకిలు షాపతను దాన్ని అటూ ఇటూ తిప్పి, "ఏం కాయండీ ఇది?" అన్నాడు. ఆస్ట్రేలియా బంతి అని, నలిగిపోయిందని, గుండ్రంగా అయ్యేదాకా గాలి కొట్టమని మాస్టారు చెప్పారు. అతను పంపుకి సూది తగిలించి కొట్టడం మొదలుపెట్టాడు. బంతి బిగిసింది. ఇంకా బిగిసింది. మెరిసింది. గుండ్రంగా మాత్రం కాలేదు.

"ఇంక పట్టేలా లేదండి, ఆయ్," అన్నాడతను, చెమట తుడుచుకుంటూ.

"ఇంకో పది కొట్టవయ్యా. చూడు, మధ్యలో కాస్త వస్తోంది," అన్నారు మాస్టారు. "ఏవండీ టీచరుగారూ, వస్తోంది కదండీ?"

నాకూ వస్తున్నట్టే కనబడింది. "ఆ, వస్తోంది, కొట్టండి," అన్నాను. దేవుడు ఎదురుగా నిలబడి అడిగినా, ఈ మాట నేను అనలేదని చెప్పలేను.

ఎనిమిదో దెబ్బకి ఢామ్మంది. రోడ్డవతల టీకొట్టులో ఒకాయన గ్లాసు వదిలేశాడు. పోతున్న లారీ డ్రైవరు టైరు పేలిందనుకుని బండి ఆపుకుని దిగి చూసుకున్నాడు. పంపు చివర ఎర్రతోలు నాలుక బయటపెట్టినట్టు వేలాడుతోంది. ఒక వైపు కుట్టు జానెడు మేర విడిపోయి, పక్కనే తోలు చిరిగింది, లోపలి బ్లాడరు పగిలింది. మాస్టారు అలవాటు కొద్దీ విజిలు నోట్లో పెట్టుకున్నారు గాని ఊదడానికి ఆయనకి ఊపిరి అందలేదు.

తిరుగుదారిలో మొదటిసారి ఆ బంతి మీద గిలుకుళ్ళని సరిగ్గా చూశాను. అవి గిలుకుళ్ళు కావు, సంతకాలు. ఇరవై దాకా ఉన్నాయి. తోలు చిరిగిన చోట ఒక సంతకం రెండు ముక్కలైంది. ఇంగ్లీషులో తప్పులు చేయడం నాకు కొత్త కాదు. కానీ ఆ తప్పులన్నీ కాగితం మీదివి, కొట్టేస్తే పోయేవి. ఇది చేతిలో ఉంది, కొట్టేయడానికి లేదు.

నేరుగా మావయ్య దగ్గరికి పోయాం. మావయ్య చెరువు గట్టు మీద పాత వల ముందేసుకుని కూర్చున్నాడు. చెరువులో చేపలు పట్టించేసి, నీళ్ళు తోడించి ఎండగట్టాడు. సంగతంతా విని, బంతి తీసుకుని, ముందు బంతి నోటికున్న తాళ్ళు వదులు చేసి బ్లాడరు బయటికి లాగాడు. దానికి సైకిలు ట్యూబు ముక్క అతికించాడు. తర్వాత వల సూదిలోకి నీలం నైలాను దారం ఎక్కించి, తోలు అంచులు దగ్గరికి చేర్చి కుట్టడం మొదలెట్టాడు.

"ఎర్ర దారం లేదా మావయ్యా?" అన్నాను.

"చేపకి దారం రంగుతో పనేంటే అమ్మడూ," అన్నాడు. ఆ తర్వాత నా మొహం చూసి, చెయ్యి ఆపాడు. "ఆ అమ్మాయికి చెప్పేస్తావుగా?"

"చెప్తాన్లే," అన్నాను. చెప్పే ఉద్దేశం నాకు రవ్వంత కూడా లేదు.

సాయంత్రం బడి వరండాలో గూడబాతక్కా, గంట టీచర్ గారూ కూర్చుని ఉన్నారు. నేను బంతి తీసుకెళ్ళి ఆమె చేతిలో పెట్టాను. ఆమె నొక్కి చూసి సంతోషంగా తలూపింది. తర్వాత తిప్పింది. ఎర్రటి తోలు మీద, జానెడు పొడుగున, వల కుట్టు నీలంగా మెరుస్తోంది. ఆమె వేలు ఆ కుట్టు వెంబడి నెమ్మదిగా పోయి, రెండుగా తెగిన సంతకం దగ్గర ఆగింది. ఇదేమిటని నన్ను అడిగింది.

ఆ క్షణంలో నా నోటి నుంచి వచ్చిన ఇంగ్లీషు ఎంత చక్కగా, వ్యాకరణ దోషం లేకుండా వచ్చిందో తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. ఇది మా కొల్లేటి ఆచారమని చెప్పాను. దూరం నుంచి వచ్చిన అతిథి సామానుకి వల దారంతో ఒక కుట్టు వేస్తామని, అలా వేస్తే ఆ మనిషి మళ్ళీ ఈ ఊరు వస్తారని మా నమ్మకమని. (ఇంత కథ ఎక్కడి నుంచి ఊడిపడిందో నాకు తెలియదు. బీఈడీలో మాత్రం నేర్పలేదు.) ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నా చెయ్యి పట్టుకుని థాంక్స్ చెప్పింది.

"ఏవంటోందమ్మా? ఎందుకు కళ్ళు తుడుచుకుంటోంది?" అన్నారు గంట టీచర్ గారు.

"ఊరు బాగుందంటోందండి."

టీచర్ గారు నా వంకా, నీలం కుట్టు వంకా, దూరంగా గేటు దగ్గర స్తంభం చాటున నిలబడ్డ విజిల్ మాస్టారి వంకా చూశారు. ముప్పై ఎనిమిదేళ్లుగా ఆడపిల్లల మొహాల్లోంచి అబద్ధాలు ఏరిన మనిషి ఆవిడ. "నాకు ఇంగ్లీషు సరిగ్గా రాదుగాని, నీ మొహం చదవడం వచ్చమ్మా," అన్నారు మెత్తగా. "నిజం నువ్వు చెప్తావా, లేకపోతే నాకొచ్చిన నాలుగు ముక్కల్లో నేను చెప్పనా?"

చెప్పాను. ఫ్లాటు, చదును, బొప్పాయి, పంపు, ఢామ్మనడం, అన్నీ. మధ్యలో రెండు మూడు చోట్ల ఇంగ్లీషు చేతకాక చేతులతో చూపించాను. ఆమె నవ్వలేదు. అరవలేదు. బంతిని ఒళ్ళో పెట్టుకుంది. తర్వాత, టీచర్ గారికి కూడా చెప్పు అని, తన సంగతి మెల్లగా, నాకు అందేలా, చిన్నచిన్న మాటల్లో చెప్పింది. అది ఫుట్‌బాల్ కాదు, వాళ్ళ దేశం వాళ్ళదే అయిన ఒక ఆట. బంతి పుట్టడమే కోలగా పుడుతుంది. ఫ్లాట్ అంటే కాస్త గాలి తగ్గిందని, అంతే. చేత్తో పట్టుకోవచ్చు, పిడికిలితో కొట్టి అందించవచ్చు, కాలితో తన్నవచ్చు. ఆమెది గోధుమ చేలున్న పల్లెటూరు. నలుగురు అన్నదమ్ములతో కలిసి పన్నెండేళ్ల దాకా ఆడింది. వాళ్ళందరి కంటే బాగా ఆడేదట. పదమూడో ఏట, ఇక ఆడపిల్లలు మగపిల్లల జట్టులో ఆడకూడదని పంపేశారు. ఆడవాళ్ళకి వేరే జట్టు దగ్గర్లో ఎక్కడా లేదు. పదేళ్లు ఊరికే గట్టు మీద కూర్చుని అన్నల ఆట చూసింది. ఆ తర్వాత ఆడవాళ్ళకి కూడా పెద్ద పోటీలు పెట్టారని తెలిసి, ఎంపిక పరీక్షకి వెళ్ళి నెగ్గింది. పొద్దున మొక్కల నర్సరీలో పని, సాయంత్రం సాధన. మూడు సీజన్లు ఆడింది. మూడో సీజన్లో ఒక రోజు బంతి కోసం ఎగిరి, కిందికి దిగేటప్పుడు మోకాలు మెలిపడింది. ఆపరేషను రెండుసార్లు చేశారు. ఇక ఆడొద్దన్నారు. దెబ్బ తగిలిన రోజు ఆడిన బంతి మీద జట్టు వాళ్ళంతా సంతకాలు పెట్టి ఆసుపత్రికి తెచ్చిచ్చారు. అది ఇదే. అప్పటి నుంచి దాన్ని ఎవరూ తన్నలేదు, తాను కూడా.

ఇదంతా నేను తెలుగులో చెప్పాలి. నా తప్పు ఎంత పెద్దదో ఒక్కో వాక్యంతో నా నోటనే తేలుతోంది. అయినా చెప్పాను. ఆ ఒక్క సాయంత్రం మాత్రం అర్థం కాని మాట వచ్చినప్పుడల్లా ఆపి, మళ్ళీ అడిగి, చెప్పాను.

టీచర్ గారు అంతా విని, మొదట అడిగిన ప్రశ్న: "మూడేళ్ల సర్వీసుకే రిటైర్‌మెంటా? పెన్షనేమన్నా ఇస్తారంటమ్మా?"

నేను అడిగితే, ఆమె ఆ సాయంత్రం మొదటిసారి గట్టిగా నవ్వింది. లేదని చెప్పింది. టీచర్ గారు కుర్చీ కొంచెం దగ్గరికి జరుపుకున్నారు. "నాకు వచ్చే నెలాఖరుకి రిటైర్‌మెంటని చెప్పమ్మా," అన్నారు. "ముప్పై ఎనిమిదేళ్లు చేశాను, తనది మూడేళ్లు. కానీ ఒకటి అడుగు. ఆట మానేశాక, మర్నాడు, ఆ సాధన వేళకి, ఏం చేసిందంట?"

ఆ ప్రశ్నని ఇంగ్లీషులో పెట్టాను. ఎప్పట్లాగే సాధన వేళకి బూట్లు వేసుకుని, లేసులు కట్టుకుని, మంచం మీద కూర్చున్నానంది. ఎన్నాళ్ళు అంటే, నెల రోజులు రోజూ అంతేనంది. నేను తెలుగులో చెప్పడం పూర్తి కాకుండానే టీచర్ గారు ఆమె చెయ్యి పట్టుకున్నారు. అప్పటిదాకా మా బడిలో ఎవరికీ తెలియదు, గంట తాడు వదలడానికి ఆవిడ అంత భయపడుతున్నారని. ఇద్దరి మధ్యా స్టూలు మీద కూర్చున్న నేను, ఆ తర్వాత పావుగంట చెయ్యడానికి ఏ పనీ లేక, ఊరికే కూర్చున్నాను.

చీకటి పడబోతుండగా ఆమె బంతి ఎత్తి, కుట్టు మీద రెండు దెబ్బలు కొట్టి చూసింది. కుట్టినవాణ్ణి రేపు తప్పకుండా పరిచయం చెయ్యమంది. ఇది దాచుకోవాల్సిన బంతి ఎలాగూ కాకుండా పోయింది కాబట్టి, సోమవారం దీంతో ఆడదామంది.

ఆ ఆటకి చతురస్రపు మైదానం పనికిరాదట. కోడిగుడ్డులా కోలగా ఉండాలట. మా బడి మైదానం పలకలా చతురస్రం. ఆదివారం ఆమె అమ్మమ్మగారి అక్క పనిచేసిన ఆసుపత్రి చూసుకుని, మైదానం కోసం ఊరంతా తిరిగి, చివరికి మా మావయ్య ఎండగట్టిన చెరువు గట్టెక్కి, అక్కడే ఆగిపోయింది. చుట్టుపక్కల చెరువులన్నీ నాలుగు మూలలతో ఉంటాయి గాని, పాత కాలువ వంపు మీద తవ్వించడం వల్ల మావయ్యది కోలగా వచ్చింది. "వంకరగా తవ్వించావని ఇన్నాళ్ళు నన్ను ఎక్కిరించనివాడు లేడండి," అన్నాడు మావయ్య, ఎవరితోనో తెలియకుండా, గర్వంగా. ఒక్కో చివర నాలుగేసి వెదురు బొంగులు పాతించాడు.

సోమవారం మధ్యాహ్నం ఊరంతా గట్టు మీదే ఉంది. లోపల ఆడపిల్లలు రెండు జట్లు. టీచర్లూ ఆడాల్సిందేనని గూడబాతక్క పట్టుబట్టింది. నేను చీర కుచ్చిళ్ళు దోపుకుని దిగాను. నియమాలు నేను చెప్పాలి. మధ్య బొంగుల నడుమ నుంచి తంతే ఆరు పాయింట్లు, గురి తప్పి పక్క బొంగుల నడుమ నుంచి పోతే ఒక పాయింటు. విజిల్ మాస్టారు అక్కడే అభ్యంతరం చెప్పారు. "తప్పితే కూడా పాయింటిస్తారాండీ? మళ్ళీ ఒకసారి సరిగ్గా అడగండి టీచరుగారూ, మీ ఇంగ్లీషు మీద నాకు..." అని ఆగి, మర్యాదస్తులు కాబట్టి మిగతాది మింగేశారు. మళ్ళీ అడిగాను. నిజమేనంది.

మొదటి తన్ను గూడబాతక్కది. ఆమె ఎడం కాలి మీద బరువు వేసి నిలబడి, దెబ్బతిన్న కుడి మోకాలిని ఒకసారి అరచేత్తో నిమిరింది. బంతిని రెండు చేతుల్లో నిలువుగా పట్టుకుంది. రెండడుగులు వేసి తన్నింది. ఆ బంతి అలా గిరగిరా వెనక్కి తిరుగుతూ, బొంగుల నడుమ నుంచి, మా తలల మీద నుంచి, గట్టు మీద నుంచి పోయి, అవతలి చెరువులో నీళ్ళ మీద పడింది. గూడబాతులన్నీ ఒక్కసారి లేచాయి. నేను బంతి వైపు చూడలేదు, ఆమె కాలి వైపు చూశాను. ఆమె కూడా అటే చూసుకుంటోంది. మెల్లగా కుడి పాదం కింద పెట్టి, బరువు మోపింది. నిలబడింది. మొహం రెండు చేతుల్తో కప్పుకుంది. మావయ్య లుంగీ ఎగ్గట్టి నీళ్ళలో దిగి బంతి తెచ్చి, కుట్టు చూసి, "చుక్క నీరు పోలేదు!" అని అరిచాడు.

తర్వాత ఆటంతా గందరగోళం. బంతి పడిన చోటి నుంచి ఎటు లేస్తుందో బంతికే తెలియదు. మాస్టారు ప్రతి రెండు నిమిషాలకి విజిలు ఊదారు, ఎందుకో ఆయనకీ తెలియదు. నేను బురద ఆరని చోట ఇరుక్కుని కాలు లాక్కుంటూ నిలబడి ఉండగా, ఎవరో తన్నిన బంతి నేరుగా వచ్చి నా పొట్టలో దిగింది. పడిపోకుండా ఉండటానికి దాన్నే కౌగిలించుకున్నాను. గూడబాతక్క చేతులెత్తి కేకలేసింది. నేల తగలకుండా పట్టుకున్నాను కాబట్టి అందరూ దూరం జరగాలట, నేను తీరిగ్గా తన్నవచ్చట. నా జీవితంలో ఒక చెరువెడు మంది నాకు దారిచ్చి నిలబడటం అదే మొదలు.

వెనక్కి నడిచాను. పరిగెత్తాను. తన్నాను. నా కుడికాలి చెప్పు నేరుగా, అందంగా, మధ్య బొంగుల నడుమ నుంచి దూసుకుపోయింది. బంతి పక్కకి దొర్లి, పక్క బొంగుల నడుమ నుంచి మెల్లగా బయటికెళ్ళింది.

"చెప్పుకి ఆరు, బంతికి ఒకటి! మొత్తం ఏడు!" అన్నాడు మావయ్య గట్టు మీద నుంచి. విజిల్ మాస్టారు, ఏ దేశపు ఆటలోనైనా సరే చెప్పుని లెక్కలోకి తీసుకోరని, ఒకటే ఇస్తానని భీష్మించారు. ఇద్దరూ వాదించుకుంటుంటే, గంట టీచర్ గారు చెరువులోకి దిగి, నా చెప్పు ఏరుకొచ్చి నా ముందు పెట్టారు. "తప్పు చేసినా ఒక మార్కు ఇచ్చే ఆట ముందే తెలిసుంటే, ఎంతమంది పిల్లల్ని తన్నకుండా ఉండేదాన్నో కదమ్మా," అన్నారు, నవ్వుతూనే. ఆవిడ ఆ మాట నాతో అన్నారో, తనతో తాను అనుకున్నారో నాకు తెలియలేదు.

గూడబాతక్క గురువారం వెళ్ళిపోయింది. బంతి తీసుకెళ్ళింది. మర్నెలాఖరున టీచర్ గారు చివరి గంట కొట్టి, చింతలపూడిలో పామాయిల్ తోట ఉన్న చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోయారు. మొదట్లో ఫోన్ చేసినప్పుడల్లా "తొమ్మిదింటికి చెయ్యి గుంజుతోందే" అనేవారు. తర్వాత తోటలో కూలికొచ్చే ఆడవాళ్ళకి చదువు చెబుతున్నానని, తొమ్మిదింటికి తీరిక దొరకడంలేదని విసుక్కోవడం మొదలుపెట్టారు. ఆ విసుగు వినడం నాకు ఎంత హాయిగా ఉండేదో! గూడబాతక్క నుంచి ఏడాదికో ఉత్తరం వస్తుంది. వాళ్ళ ఊళ్ళో పన్నెండేళ్లు దాటిన ఆడపిల్లలకి ఒక జట్టు పెట్టి, తానే ఆట నేర్పుతోంది. ఇద్దరూ ఒకరి క్షేమం ఒకరు నన్నే అడుగుతారు. అటు మాట ఇటు, ఇటు మాట అటు చేరవేస్తుంటాను, జాగ్రత్తగా.

నేను ఇప్పుడు తాడేపల్లిగూడెంలో ఒక కాలేజీలో ఇంగ్లీషు చెబుతున్నాను. కిందటి నెల విదేశాల నుంచి ఎవరో పెద్దలొస్తే, వేదిక మీద వాళ్ళ మాటలు తెలుగులో చెప్పడానికి నన్ను నిలబెట్టారు. మధ్యలో ఒకాయన ఏదో అన్నారు. ఒక్క ముక్క అందలేదు. సభ అంతా నా వైపే చూస్తోంది. నేను మైకు దగ్గరే, "క్షమించండి, నాకు అర్థం కాలేదు, ఇంకోసారి చెప్తారా?" అన్నాను. ఆయన సంతోషంగా మళ్ళీ చెప్పారు. ఎవరూ నవ్వలేదు, భూమి బద్దలవలేదు. ఇంత చిన్న వాక్యం! దీన్ని నోట్లోంచి బయటికి రప్పించడానికి నాకు ఒక డిగ్రీ, ఒక బీఈడీ, ఏడేళ్ల ఉద్యోగం పట్టాయి. ఆ రాత్రి ఇంటికి బస్సులో వస్తూ, ఇరవై మూడేళ్ల ఆ పిల్లని తలుచుకున్నాను. కళ్ళజోడు సవరించుకుని, తెలియనిదాన్ని ఇంకాస్త గట్టిగా చెప్పే ఆ పిల్లంటే నాకు కోపం రాదు. పాపం, ఎంత భయపడేదో! ఆ భయం కనబడకూడదనే కదా, అంత గట్టిగా మాట్లాడేది.